మూషాశబ్దార్థ విచారము – పెరటి కొలిమి సాక్ష్యము

అమరసింహుఁడు శూద్రవర్గమున శిల్పుల పనిముట్లను బేర్కొనుచు మూషకుఁ దైజసావర్తని యని పర్యాయము చెప్పినాఁడు. తైజసములనఁగా బంగారము మొదలగు లోహములు, ఆవర్తనమనఁగాఁ గరఁగించుట. కావున లోహమును గరఁగించు పాత్రమే మూష యని యమరము వల్లించిన బాలునకు సైతము తెలియును. కాని దానికిఁ దద్భవమైన తెలుఁగు మూసకు నీ యర్థముతోఁబాటు మఱియొక యర్థము గలదు. ఒకే తీరున నున్న వస్తువులను జూచి మూసలోఁ బోసినట్లున్న వందురు. ఇచ్చట మూస కరఁగించు పాత్రము గాదు. కరఁగినదానికి రూపము నిచ్చు అచ్చు. పాత్రవాచకము అచ్చునకు వాచకమెట్లయ్యెను? పామరుల నోట నర్థము చెడినదనియు, వ్యాసములందు మూసను విడిచి యచ్చు అని వ్రాయుట మేలనియుఁ గొందఱు బోధకులు విద్యార్థులను దిద్దుట కలదు.

ఆ దిద్దుబాటు తగదు. అచ్చు అను నర్థము తెలుఁగున మాత్రమే గాక సంస్కృతమునందే, అదియు శంకరభగవత్పాదుల గ్రంథములందే కానవచ్చుచున్నది. తైత్తిరీయభాష్యమున అన్నమయకోశముయొక్క పురుషాకారము ననుసరించియే లోని ప్రాణమయమునకుఁ బురుషాకారము కలిగినదనియు, అది స్వతస్సిద్ధము గాదనియుఁ జెప్పుచు ఆచార్యులు మూషయందుఁ బోయఁబడిన ప్రతిమను దృష్టాంతముగాఁ జూపిరి. ఉపదేశసాహస్రియందు, మూషలోఁ బోసిన రాగి దాని యాకారమును బొందునట్లు చిత్తము తాను వ్యాపించిన విషయముల యాకారమును బొందునని చెప్పిరి. ఈ రెండు చోట్లను మూష కరఁగించు పాత్రమే యనుకొన్నచో దృష్టాంతము నిలువదు. కరఁగించు పాత్రమునందు రాగికిఁ బ్రతిమారూపము రాదు గదా! అమరము నొక్కదానినే చేతఁ బట్టుకొని యీ భాష్యమును బోధించువారు మూష యనఁగాఁ గొలిమిలోని పాత్రయని చెప్పి ముందునకు సాగుదురు. శిష్యునకు దృష్టాంతము బోధపడదు. దార్ష్టాంతికము అంతకంటెను బోధపడదు.

ధాతువు నాశ్రయించి యీ చిక్కును విప్పఁబూనుట వ్యర్థము. దొంగిలించుట యర్థముగాఁ గల ముష ధాతువునుండి మూషకశబ్దమును సాధించినట్లే మూషాశబ్దమును సాధింపవచ్చును. లోహములయందలి దోషములను హరించునది గావున మూష యని రసశాస్త్రజ్ఞులు నిర్వచించిరి. నిర్వచనము సొగసైనదే, కాని యది పాత్రమునకుఁ దగినట్లు అచ్చునకుఁ దగదు. ఇఁక మూయు ధాతువునుండి తెలుఁగు మూస పుట్టినదని యొక ఊహ కలదు. అచ్చును మట్టితో మూసి కాల్తురు గావున అట్లు తోఁచుట సహజము. అయినను మూయుటనుండి తెలుఁగున వచ్చిన నామము మూత; మూసి యను క్త్వార్థకరూపమునుండి మూస యను నామము పుట్టుట కుపపత్తి కానరాదు. ఇట్టిచోట శబ్దార్థమును బనివాని చేతియందు వెదకవలెను. మహాభాష్యకారుఁడు శబ్దార్థసంబంధమును విచారించుచు బంగారపు ముద్దను, దానిని మార్చి చేసిన రుచకములను, కటకములను, స్వస్తికములను ఉదాహరించెను. కుండ కావలసినవాఁడు కుమ్మరియింటికిఁ బోవుననియుఁ జెప్పెను. కుమ్మరి యావమును గంసాలి కుంపటియు నాయనకు వ్యాకరణమునకు వెలియైనవి కావు.

లోహమును గరఁగించుటకుఁ బెద్ద కర్మశాల యక్కఱలేదు. పెరటిలో జానెడు గోయి, ఒక తోలుతిత్తి, గంపెడు బొగ్గు, మట్టిమూస యొకటి, పట్టుకారు ఒకటి – ఇవి చాలును. దేశమున బహుకాలము పోతపని యిట్లే యింటిపట్టున జరిగినది. వాగ్భటుని పేరఁ బ్రసిద్ధమైన రసరత్నసముచ్చయము దశమాధ్యాయమున నిట్టి కొలుములను గోష్ఠిక లను పేర వర్ణించినది. వానిలోఁ బాతాళకోష్ఠిక మిక్కిలి చిన్నది, మిక్కిలి సులభమైనది. గట్టినేలయందు వితస్తి లోఁతున, అనఁగా జానెడు లోఁతున, గుండ్రని గోయి త్రవ్వవలెను. దాని నడుమ నాలుగంగుళముల వెడల్పును లోఁతును గల మఱియొక చిన్నగోయి త్రవ్వవలెను. ఈ లోగోతినుండి నేలమట్టమువఱకు ఏటవాలుగా నొక నాళమును దీయవలెను. లోగోతిపై అయిదు రంధ్రములు గల మట్టిబిళ్ళను మూతగాఁ బెట్టి, పైగోతిని బొగ్గుతో నింపి, నాళమున నొక్క తిత్తితో నూఁదవలెను. మెత్తని ఖనిజములనుండి సత్త్వమును దీయుట కిది చాలునని గ్రంథకర్త చెప్పినాఁడు.

ఈ నిర్మాణమును జదివి దాఁటిపోరాదు. గాలి యెచ్చటనుండి వచ్చుచున్నదో చూడవలెను. వంటపొయ్యిలో గాలి ప్రక్కలనుండి తనంతఁ దాను వచ్చును. అందువలననే పొయ్యిమంటలో రాగి కరఁగదు. రాగి కరఁగుటకు 1085 సెల్సియస్ డిగ్రీల వేఁడి కావలెను. ఇచ్చటనో తిత్తినుండి వెడలిన గాలి లోగోతియందు నిండి, అయిదు రంధ్రములగుండఁ జీలి, బొగ్గురాశి కడుపులోనికి అడుగునుండి సమముగా నెక్కును. బొగ్గంతయు నొకేమాఱు రగులును. చుట్టునున్న నేలయే గోడగావున వేఁడి వెలికిఁబోదు. ఒక మట్టిబిళ్ళయు నొక గొట్టమును జేసిన మేలు ఇంతటిది. నేఁడు పాశ్చాత్యదేశములలో ఇంటిపెరటియందు లోహమును గరఁగించు నుత్సాహవంతులు ఇనుపపీపాకు లోపల మట్టి మెత్తి, అడుగునఁ గొట్టము దూర్చి, విద్యుత్తుతోఁ దిరుగు గాలిపంకను దగిలించి చేయుచున్నదియు నీ సూత్రముచేతనే. తిత్తి స్థానమునఁ బంక వచ్చినది, తక్కినది యదియే.

పెద్దపనికి అంగారకోష్ఠిక చెప్పఁబడినది. అది చతురస్రమైన మట్టిగోడల కట్టడము. ఎత్తులో సగము వెడల్పు, ఒక గోడకు ద్వారము, గడప క్రింద నూఁదుటకు వేఱొక ద్వారము. బొగ్గును బైనుండి పోయుదురు. ఈ ప్రకరణమున బొగ్గునకుఁ గోకిల మను శబ్దము వాడఁబడినది. నలుపు సాధర్మ్యముచే వచ్చిన యీ పేరు తెలియనివారు కోష్ఠికను గోకిలలతో నింపుమన్న వాక్యమును జూచి దిగ్భ్రమ చెందుదురు. కేవలకోశజ్ఞానమునకు శాస్త్రము లొంగదనుట కిది యొక నిదర్శనము.

కొలిమికంటె మూస కష్టతరము. కొలిమి పగిలినచో మరల మెత్తవచ్చును. మూస పగిలినచో లోహము బొగ్గుపాలగును. మూసకుఁ దగిన మన్ను తెలుపు పసుపు కలిసినదియు, ఎఱుపుడాలు గలదియు, గరుకైనదియు, చిరకాలము ఊఁదినను దాళునదియుఁ గావలెనని రసరత్నసముచ్చయము విధించినది. అట్టిది దొరకనపుడు పుట్టమన్ను గాని కుమ్మరిమన్ను గాని గ్రాహ్యము. ఆ మంటిలోఁ గాల్చిన ఊఁక, జనపనార, బొగ్గు, గుఱ్ఱపులద్ది కలిపి యినుపకఱ్ఱతో దంచవలెను. ఈ ద్రవ్యములలో నేదియు నూరక చెప్పినది కాదు. నారయు లద్దిలోని గడ్డిపోఁచలును మన్ను ఆఱునపుడు బీటలు వాఱకుండఁ బట్టియుంచును. కాలిన పిమ్మట అవి యున్నచోట సన్నని ఖాళీలు మిగులుటచే, వేఁడికి మన్ను ఉబ్బినపుడు చోటు దొరకి మూస పగులదు. ఊఁకబూడిదలో నధికభాగము ఇసుకయందుండు సిలికా యే. అది మహాతాపమును సహించును. బొగ్గు పాత్రపు గోడలోనే యుండుటచే లోని లోహమునకుఁ బ్రాణవాయువు తగిలి తుప్పగుట తగ్గును.

ఇది గ్రంథమాత్రమైన విధి కాదనుటకుఁ దెలంగాణమే సాక్షి. నిజామాబాదు జిల్లాలోని కోనసముద్రము ఉక్కుపనికిఁ బేరుపొందిన గ్రామము. ఇస్ఫహానునుండి పారసీకవర్తకులు ఆ యూరి యుక్కుకొఱకు వచ్చుచుండిరి. త్రికోణమితి సర్వేలోఁ బనిచేసిన భూగర్భశాస్త్రజ్ఞుఁడు హెన్రీ వాయిసీ అచ్చటి పనిని గన్నులారఁ జూచి వ్రాసిన వృత్తాంతము అతఁడు గతించిన పిమ్మట 1832లోఁ గలకత్తాలోఁ బ్రకటింపఁబడెను. నేఁటికిని ఉత్తరతెలంగాణమునఁ బూర్వపు కొలుములున్న తావులలోఁ బగిలిన మూసపెంకులు దొరకుచున్నవి. శోధకులు వానిని సూక్ష్మదర్శినితోఁ బరీక్షింపఁగా నల్లని మంటిలో వరియూఁక విస్తారముగాఁ గానవచ్చినది. ఆ పెంకులు చేసిన కమ్మరి రసరత్నసముచ్చయమును జదివియుండునని యనుకొన నక్కఱలేదు. గ్రంథకర్తయే అట్టివాని పెరటికిఁ బోయి చూచియుండుననుట యుక్తము. అదే గ్రంథమున యశదము తీయుటకుఁ జెప్పిన వృంతాకమూష, అనఁగాఁ బండ్రెండంగుళముల గొట్టము గల వంకాయవంటి మూష, కవికల్పనవలె వినఁబడును. రాజస్థానమున జావరు గనులయొద్ద 1980 తరువాతి దశకమునఁ ద్రవ్వఁగా నట్టి వంకాయమూసలే, కొలిమికి 36 చొప్పున నిలిపినవి, వెలువడినవి.

ఇఁక నచ్చు. విగ్రహముల పోతపనికి మైనమే మూలము. కల్యాణచాళుక్యుఁడు మూఁడవ సోమేశ్వరుఁడు 12వ శతాబ్దిపూర్వార్ధమున రచించిన మానసోల్లాసమున నీ పద్ధతి విశదముగాఁ జెప్పఁబడినది. మైనముతోఁ బ్రతిమను జేసి, దానికి మైనపునాళములను దగిలించి, పైని మన్ను పూయవలెను. కాల్చిన ఊఁక, సన్నగాఁ గత్తిరించిన ప్రత్తి, కొంచెము ఉప్పు – వీనిని మంటితోఁ గలిపి బండపై మెత్తగా నూఱవలెను. మొదటి పూఁత పలుచన; నీడలో నాఱనిచ్చి రెండవ పూఁత; మూఁడవది దట్టము. మొదటిపూఁతయే ప్రతిమయొక్క కనుఱెప్పను, వ్రేలికణుపును బట్టుకొనును గావున దాని మన్ను ఎంత మెత్తనైన నంత మేలు. మూసమన్నును, అచ్చుమన్నును వేర్వేఱు గ్రంథములు చెప్పినను రెండింటను గాల్చిన ఊఁక యుండుట గమనింపఁదగినది. పనివానికి రెండును ఒకే జాతి మన్ను.

మైనమును ముందుగానే తూఁచి, దానినిబట్టి లోహము నెంత తీసికొనవలయునో సోమేశ్వరుఁడు చెప్పినాఁడు. మైనమునకు వెండి పండ్రెండు రెట్లు, బంగారము పదునాఱు రెట్లు. రాగి యిత్తడులు వెండికంటెఁ దక్కువ. మైనము నీటికంటెఁ గొంచెము తేలిక. వెండి నీటికి పదిన్నర రెట్లు బరువు. కాఁబట్టి మైనపుచోటు నింపుటకు వెండి సుమారు 11 రెట్లు కావలెను. పండ్రెండవ రెట్టు నాళములలో నిలుచు లోహమునకు, కొలిమిలోఁ బోవు తఱుగునకుఁ జాలును. లెక్క సరిపడినది. బంగారము విషయమున మాత్రము సరిపడదు. శుద్ధసువర్ణము నీటికి 19 రెట్లకు మించి బరువు గావున మైనమునకు 20 రెట్లు వలయును. పదునాఱు రెట్లతోఁ బోసినచో ప్రతిమ తలయో పాదమో లోపించును. రాజు పొరపడెనని చెప్పుటకంటె, ప్రతిమలకు వాడు బంగారము శుద్ధసువర్ణము గాక రాగియో వెండియో కలిపిన మిశ్రమమని గ్రహించుట మేలు. నాలుగింట మూఁడువంతులు బంగారమైన మిశ్రమమునకుఁ బదునాఱు రెట్లు ఇంచుమించుగా సరిపోవును. శిల్పుల లెక్క కొలిమినుండి వచ్చినది, కోశాగారమునుండి వచ్చినది కాదు.

లోహమును బోయుటకు ముందు అచ్చును గాల్పవలయునని విధి. మైనము కరఁగి కాఱిపోవుటకే యీ విధి యని తలఁతురు. అది యొక ప్రయోజనము మాత్రమే. రెండవది ప్రాణరక్షణము. మంటిలో నొకబొట్టు తేమ మిగిలినను, కరఁగిన రాగి తగిలినతోడనే యది యావిరియై వేయి రెట్లకు మించి వ్యాపించును. దారి లేక లోహమును వెలికిఁ జిమ్మును. పెరటికొలుములలో నేఁటికిని జరుగు ఘోరప్రమాదములకుఁ దడియే ముఖ్యకారణము. ఇంకొకటి యశదపు పొగ. యశదము 907 డిగ్రీలకే యావిరియగును, అనఁగా రాగి కరఁగకమునుపే. ఇత్తడిని గరఁగించునపుడు లేచు తెల్లనిపొగ యదియే. దానిని బీల్చినవానికి జ్వరము వచ్చును. కంచున నీ బాధ లేదు. ఎనిమిదిపాళ్ళు రాగికి రెండుపాళ్ళు తగరము చేర్చినఁ గంచగునని రసరత్నసముచ్చయము. ఆ పాళమునఁ గంచు రాగికంటె సుమారు 200 డిగ్రీల తక్కువ వేఁడికే కరఁగును. చిన్నకొలిమివానికిఁ గంచు ఇష్టమగుట వింత గాదు.

మూషాశబ్దమునకు సంబంధించిన యసలు కీలకము పోయు విధమున నున్నది. సోమేశ్వరుఁడు చెప్పిన మూష నారికేళాకారము గలది. లోహము దానిలోఁ గప్పఁబడి కరఁగును. కరఁగిన పిమ్మట నినుపచువ్వతో దానికి రంధ్రము చేసి, పట్టుకారుతోఁ బట్టి, ధార తెగకుండ నచ్చునాళమునఁ బోయుదురు. ఇచ్చటఁ బాత్రము వేఱు, అచ్చు వేఱు. కాని బస్తరునందలి గడవ శిల్పులు, వంగదేశపు ఢోక్రా శిల్పులు దీనికంటె సులువైన మార్గమును బాటింతురు. మైనపుప్రతిమకు మన్ను పూసిన తరువాత నాళముఖమునొద్ద మట్టితోనే గిన్నెవంటి దానిని జేర్చి, దానిలో నిత్తడితునుకలను వేసి, పైని మన్నుతో మూసి, రెండింటిని ఒకే ముద్దగాఁ జేయుదురు. ఈ ముద్దను లోహము క్రిందివైపున నుండునట్లు కొలిమిలోఁ బెట్టుదురు. లోహము కరఁగినదని మంటరంగునుబట్టి యెఱిఁగి ముద్దను దలక్రిందులు చేయుదురు. లోహము గిన్నెనుండి ప్రతిమచోటికి దానంతట నదియే దిగును. పోయుట లేదు, ధార తెగుట లేదు, పట్టుకారు వణఁకుట లేదు. లోహమును అచ్చును ఒకేమాఱు కాఁగుటచే చల్లనియచ్చులో లోహము నడుమ గడ్డకట్టుటయు లేదు. ఆదిలాబాదు ప్రాంతమున గోండులకు దేవతామూర్తులను, గంటలను, నగలను బోసియిచ్చు ఓజులదియు మైనపుపోతపనియే. వారి పనికి 2018లో భౌగోళికసూచికగా గుర్తింపు లభించినది.

ఈ ముద్దలోఁ బాత్రమెచ్చట ముగిసి అచ్చెచ్చట మొదలయ్యెనో చెప్పుట కవకాశము లేదు. మన్ను ఒక్కటే, పూఁత ఒక్కటే, కాఁకయు నొక్కటే. దాని కొక పేరు పెట్టినచో నా పేరు రెండింటికిని జెల్లును. సముదాయమునందుఁ బ్రవర్తించు శబ్దములు అవయవములందును బ్రవర్తించునని భాష్యకారుఁడే యంగీకరించినాఁడు. కావున మూష అచ్చునకు వాచకమగుట గంగాతీరమును గంగ యనుటవంటి లక్షణ కూడఁ గాదు, ముఖ్యవృత్తియే.

కోనసముద్రపు ఉక్కుపనియందు ఈ యైక్యము మఱింత స్పష్టము. అచ్చట ఇనుపతునుకలను మూసలో వేసి, నోరు మన్నుతో మూసి, దీర్ఘకాలము ఊఁదెడివారు. శుద్ధమైన యినుము కరఁగుటకు 1538 డిగ్రీలు కావలసియున్నను, మూసలోని యంగారము నినుము గ్రహించుటచే నంతకుఁ దక్కువ వేఁడికే యది కరఁగి యుక్కగును. దానిని దేనిలోనికిని బోసెడివారు కారు. మూసలోనే చల్లాఱనిచ్చి, మూసను బగులఁగొట్టి యుక్కుబిళ్ళను దీసెడివారు. బిళ్ళయడుగు మూసయడుగువలె గుండ్రముగా నుండెడిది. కరఁగించునదియు నదియే, రూపము నిచ్చునదియు నదియే. ఉక్కును గరఁగించిన తెలుఁగువానికి మూస యను మాటకు రెండర్థములున్నవని తోఁచుటకే కారణము లేదు.

ఆచార్యులు రాగిప్రతిమ పోఁతను జూచి దృష్టాంతము చెప్పిరో, శిల్పుల వాడుకనే గ్రహించిరో, ఏదియైనను వారి మూష అచ్చే. అన్నమయము బయటి మన్నువంటిది. ప్రాణమయము లోన నిండిన లోహమువంటిది. లోని యాకారము బయటిదానినిబట్టి వచ్చినది. ఇట్లు చెప్పినచోఁ దైత్తిరీయవాక్యము బాలునకుఁ గూడ బోధపడును. అమరసింహుఁడును దప్పు చెప్పలేదు. కంసాలి కుంపటిలో మూస వట్టిపాత్రమే; ఆతఁడు దానిని జూచి చెప్పినాఁడు.

ఒక యాక్షేపము మిగులును. తెలుఁగున అచ్చునకుఁ గరువు అను దేశ్యపదము ప్రాచీనముగా నుండఁగా మూసకు నా యర్థము చేరనేల? కరువునకుఁ బిండమనియు నర్థము గలదు. అరవమునఁ గరు అను పదమునకును గర్భమనియు అచ్చనియు నర్థములున్నవి. మైనము కరఁగిపోఁగా లోన మిగిలిన చోటు గర్భమువంటిది. కరువు ఆ చోటును జెప్పును. మూస దానిచుట్టునున్న మట్టికాయమును జెప్పును. పోఁత ముగిసిన పిమ్మటఁ బగులఁగొట్టునది మూస, కరువు కాదు. రెండుపదములును బనివానికి వేర్వేఱుగాఁ గావలసినవే గావున రెండును నిలిచినవి.